ఐదో రీలు

మద్రాసు బస్సు టాపు మీంచి దిగిన రేకు పెట్టెలో
ఐదు రీళ్ళుండాలి.
నాలుగే ఉండాయి.
దొరస్వామి మాస్టారు రెండుసార్లు లెక్కపెట్టి
"ఉన్నంతవరకు చూద్దాం" అన్నాడు.
చిత్తూరోళ్ళం,
కుళాయి నీళ్ళనైనా ఉన్నంతవరకే పట్టుకుంటాం.

గ్రీమ్స్‌పేట మిషన్ స్కూలు హాల్లో
బెంచీలు గోడకు తోసి, కిటికీలకు దుప్పట్లు కట్టి
ముప్పైమందిమి.
ఎల్లైసీ వాళ్ళు, ఇద్దరు వకీళ్ళు, కాలేజీ పిల్లోళ్ళు కొందరు,
జిల్లా కోర్టులో నకళ్ళు రాసే నేను.

ఫ్రెంచి సినిమా. నలుపూ తెలుపూ.
మాటలు వాళ్ళవి, కింద అక్షరాలు ఇంగ్లీషువి,
వానకు మాత్రం తర్జుమా అక్కర్లేదు,
ఆ ఊళ్ళో అది పడతానే ఉంది.

బొగ్గు గని. శనివారం.
కూలి ఇచ్చే బల్లా, సారా పోసే బల్లా ఒకటే.
జింకు రేకు పరిచిన ఆ బల్ల మీద
చిల్లర మోగతాది, గ్లాసు మోగతాది,
ఏది ఏదో చెవికి తెలీదు.
ఒక పిల్లోడు నాయన చొక్కా కొస పట్టుకుని
నిలబడే ఉంటాడు, రీలంతా.
మూడో రీల్లో ఆ నాయన మేస్త్రీని కొడతాడు. మేస్త్రీ లేవడు.
నాలుగో రీల్లో కోర్టు.
జడ్జి మధ్యాన్నం భోంచేసి, ఎర్రటి ద్రాక్షసారాయి
నిదానంగా గుటకేసి, తువ్వాలుతో మూతి తుడుచుకుని
లోపలికొస్తాడు.
నోరు తెరుస్తాడు.

అక్కడ తెగింది.
తెల్లటి వెలుతురు, టపటపా కొట్టుకునే ఫిల్ము తోక.

వకీళ్ళు వాదన పెట్టుకున్నారు.
ఉరి అని ఒకాయన.
మైకం కాబట్టి యావజ్జీవమే అని ఇంకొకాయన.
సెక్షన్లు మనవి, శవం ఫ్రాన్సుది.

అప్పుడు వెనక, చెప్పులు విడిచే చోటు నుంచి
"సామీ" అనింది చెంగమ్మ.
హాలు ఊడ్చేది. ఎప్పుడొచ్చి నిలబడిందో,
చీపురు చంకలో ఉంది.
"తాగినోడు కనపడ్నాడు. సచ్చినోడు కనపడ్నాడు.
పోసినోడు ఎప్పుడొస్తాడు?"

మాస్టారు కళ్ళద్దాలు తీసి
"రాని రీల్లో ఉంటాడేమోమ్మా" అన్నాడు.
ఎవరో నవ్వినారు.
నేను నవ్వలా. ఆమె మొగుడి కేసు నంబరు నాకు తెలుసు.

ఎల్లప్ప. యాదమరి దావలో రాళ్ళ క్వారీ.
సగం కూలి రూపాయల్లో, సగం చీటీలో.
చీటీ చెల్లేది ఒకే అంగట్లో,
కాంట్రాక్టరు బామ్మర్ది సారా అంగట్లో.
ఒక శనివారం లెక్క అడిగినాడు. మేస్త్రీ నవ్వినాడు.
చేతిలో సమ్మెట ఉండింది.

ఇంగ్లీషులో పదకొండు పేజీల తీర్పు.
కార్బన్ పెట్టి మూడు నకళ్ళు నేనే రాసిచ్చినా.
తాగిన మైకమనే మాట తొమ్మిది సార్లొచ్చింది,
చీటీ అనే మాట ఒక్కసారీ రాలా.
పై కాగితంలో లేనిది
కింద కాగితంలోకి ఎట్లా దిగుతాది?

సాక్ష్యంగా పట్టుకొచ్చిన సారా సీసా
రికార్డు రూములో ఉండేది, లక్క ముద్రతో.
ఏటికేడు మట్టం తగ్గింది.
ముద్ర మాత్రం చెక్కు చెదర్లా.

మద్రాసుకు ఉత్తరం రాసినాం. కార్డొచ్చింది:
ఐదో రీలు పొరపాటున పాండిచ్చేరికి పోయిందని,
అక్కణ్ణించి ఎక్కడికో తెలీదని.

నేను రిటైరై పద్నాలుగేండ్లు.
క్వారీ గుంతలో పిల్లోళ్ళు ఈత కొడతారు.
కాంట్రాక్టరు పేరుతో కల్యాణమండపం ఉంది,
మా తమ్ముడి కూతురి పెళ్ళి అందులోనే.
అడ్వాన్సు కట్టింది నేనే.
రసీదు మీద సంతకం బాగా కుదిరింది,
అలవాటైన చెయ్యి గదా.

ఆ రాత్రి
అందరూ పోయినాక, ఆపరేటరు బల్బు ఆపకుండా బీడీకి పోతే,
గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చినా నేను.
ఖాళీ తెలుపులో చెంగమ్మ ఊడుస్తా ఉంది.
తెర నిండా చీపురు నీడ.
ఊడ్చి ఊడ్చి తెర కాడికి పోయి నిలబడింది.
నన్ను చూడలా.
బట్ట కొస కొంచెం పైకెత్తి
వెనక ఎవరున్నారో చూసింది.